తల వెనక అతుకు

నమోదు 61
పడమటి గాలి. ఉప్పు గట్టిగా, పొడిగా ఉంది.

ఈ ఉప్పు బయలు మీద సొంత చేత్తో కారు నడిపేవాళ్ళంతా రోజూ నమోదు రాయాలన్నది నియమం. గాలి ఎటు వీస్తోంది, ఉప్పు ఎలా ఉంది, కారుకు ఏం పని చేశాం, అంతే. అంతకుమించి ఎవరూ అడగలేదు. అసలు వీటిని చదివేవాళ్ళున్నట్టు కూడా నాకు తోచదు. అందుకే మిగతా సంగతులు కూడా ఇందులోనే రాసుకుంటున్నాను.

పొద్దున్నే సూళ్ళూరుపేట నుంచి నీళ్ళ బండి వచ్చింది. ఎప్పటిలాగే తారు రోడ్డు చివర ఆగిపోయింది. బండ్లను రోడ్లే నడపడం మొదలయ్యాక, రోడ్డు లేనిచోట బండి కదలదు. లోపల మనిషి ఉంటే కాస్త ముందుకు తెమ్మని బతిమాలుకోవచ్చు. మనిషీ లేడు, స్టీరింగూ లేదు. బిందెలు మేమే మోసుకోవాలి. మా అమ్మ చిన్నతనంలో ఇక్కడ పులికాట్ సరస్సు ఉండేదట, పడవల మీద రొయ్యలు పట్టేవాళ్ళట. నేను పుట్టేసరికి ఈ తెల్లటి బయలే మిగిలింది. మనిషి చేతికి స్టీరింగు ఇచ్చే చోటు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే.

తనిఖీ బండి ఈ వారంలోనే వస్తుందని కబురు. చాసీని, అంటే కారు పైపుల చట్రాన్ని, అణువణువూ చూసి, బాగుంటే దాని మీద ఇత్తడి బిళ్ళ కొడతారు. బిళ్ళ లేని కారుకు పందెం మొదలయ్యే గీత దగ్గర పచ్చదీపం వెలగదు. ఆ వెంటనే పందెం. ఏడాదంతా మేం బతికేది ఆ ఒక్క రోజు కోసమే.

నా కారు సిద్ధంగా ఉంది. ప్రతి పైపూ నేనే కోసి, నేనే వెల్డింగు చేశాను. అచ్చులో పోసిన చాసీలను ఇక్కడ ఒప్పుకోరు. అవి విరిగితే ఒక్కసారిగా పగిలిపోతాయి. అతికిన పైపులైతే వంగుతాయి, లోపలి మనిషి బతుకుతాడు. ఆ అతకడం తెలిసినవాళ్ళు ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. నాకు నేర్పిన దస్తగిరి మామ, నేను.

నాలాగే ఇక్కడ కారు నడిపే సరయు షెడ్డు ముందు నుంచి బిందెతో వస్తుంటే లోపల వెల్డింగు టార్చి బుసకొట్టడం వినపడింది. సరయుకు వెల్డింగు రాదు. తొంగి చూశాను. ముసుగు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని దస్తగిరి మామ. పక్కన సరయు పైపును కదలకుండా పట్టుకుని ఉంది.

చలికాలంలో నా కారు చాసీ చేసిపెట్టమని అడిగితే, "చూపు ఆనడంలేదుమే, టార్చి పక్కన పెట్టేసుండా" అన్నాడు ఆయన. నేను నమ్మాను. కొన్నాళ్ళు ఆయనకు కంటి చుక్కలు కూడా తెచ్చిచ్చాను.

ఇంటికొచ్చేసరికి చీర కుచ్చిళ్ళన్నీ తడిసి ఉన్నాయి. బిందె ఎక్కడ తొణికిందో గుర్తు లేదు.

నమోదు 62
గాలి లేదు. ఉప్పు అలాగే.

మామ టీ తాగుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నాకు చెయ్యనన్నావే మామా" అన్నాను.

"ఏమే పెంచలా, నీకు నేనెందుకు? నీ చెయ్యి నీకుండాది గదా."

"సరయుకు మాత్రం చేస్తావా?"

"ఆ పిల్లకు రాదు. అడిగింది. చేశా." గ్లాసులోకే చూస్తూ చెప్పాడు. ఆ తర్వాత ఎండ గురించి మాట్లాడాడు.

సరయు ఇక్కడికి వచ్చి నిండా మూడేళ్ళు కాలేదు. నాయుడుపేట పిల్ల. వచ్చిన రోజు స్టీరింగు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. సీటులో వీపు ఎలా ఆనించాలో, దీపం వెలిగే ముందు ఊపిరి ఎలా బిగపట్టాలో నేనే చూపించాను. ఇప్పుడు ఆమె కారు గీత మీదికి వస్తే టీ కొట్టు ఖాళీ అయిపోతుంది. నేను వస్తే ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. కిందటేడు ఆమె మొదట, నేను తర్వాత. తేడా అంతా బరువులోనే ఉందని, ఆమె కారు తేలికని అందరికీ చెప్పాను. ఇప్పుడు దానికి మామ చేతి చాసీ కూడా తోడైంది.

సాయంత్రం సరయు వచ్చింది. "అక్కా, మామ అతుకులు చూద్దువు గానీ రా! ఎంత బాగుండాయో!"

"పనుంది" అన్నాను. పనేమీ లేదు. తుడిచిన పైపునే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాను.

నమోదు 63
తూర్పు గాలి. ఉప్పు చెమ్మగా ఉంది. కారుకు పనేమీ చెయ్యలేదు.

తనిఖీ జరిగింది.

వచ్చినావిడ పేరు మనోరమ. పొట్టిగా, నెరిసిన జుట్టును గట్టిగా ముడేసుకుని ఉంది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. మొదట నా కారే. అతుకులన్నీ వేలితో తడిమింది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా పడిన వెల్డింగును చూసి తల ఊపింది. "ఎవరు చేశారు?" అంది. నేనన్నాను. నా గుండె ఇంత అయింది. హెల్మెట్ పెట్టించి సీట్లో కూర్చోబెట్టి, తలకూ పై పైపుకూ మధ్య సందు చూసింది. బాగుంది. ఆ తర్వాత మందం కొలిచే మీటరు తీసి ఒక్కో పైపు మీదా ఆనిస్తూ వెళ్ళింది. వెనక చక్రం దగ్గర, కింది పైపు మీద ఆగింది. రెండోసారి ఆనించింది. మూడోసారి కూడా.

"లోపల్నించి ఉప్పు తినేసింది" అంది. "ఇక్కడ మందం చాలదు."

"పైన ఇనుప బద్ద వేసి అతికితే?"

"కుదరదండీ. పైపు మొత్తం మార్చాలి. పందెం అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. మార్చి పిలవండి, మళ్ళీ చూస్తాను."

తర్వాత సరయు కారు. నేను వెళ్ళిపోకుండా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకు తెలుసు. ఏదో ఒకటి తేలుతుందని ఆశ. ఏమీ తేలలేదు. కొత్త పైపులు, నిండు మందం. నీలం రంగు మెరుస్తోంది. మనోరమ మేడం సంచిలోంచి బిళ్ళ తీసి, చాసీకి ఆనించి రివెట్టు కొట్టింది. టక్కుమని ఒకే దెబ్బ. జనం ఈలలు వేశారు. సరయు పరుగెత్తుకుంటూ వచ్చి దస్తగిరి మామ కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన నవ్వలేదు. నేనది గమనించాను గానీ అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. ఆ దణ్ణం నేను పెట్టాల్సింది కదా అన్నదొక్కటే నా బుర్రలో ఉంది.

నమోదు 64
తూర్పు గాలి. ఉప్పు ఇంకా చెమ్మగానే ఉంది.

పైపు దొరకలేదు. మా పనికి వచ్చే రకం ఉక్కు పైపు చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మామ దగ్గర దాచిపెట్టినవే ఆఖరువి. అవన్నీ సరయు కారులోకి వెళ్ళిపోయాయి. తడ ఊళ్ళో పాత ఇనుము కొట్టుకు పోయి వచ్చాను. దొరికిన ఒక్క పైపు నొక్కితే సొట్ట పడింది.

సాయంత్రం ఉప్పు తుడిచే వంతు నాది. నీళ్ళు తక్కువ కాబట్టి రోజుకొకరం తడిగుడ్డతో అన్ని కార్లూ తుడుస్తాం. సరయు కారు వంతు వచ్చింది. తుడవకుండా పోదామా అనుకున్నాను, కానీ వంతు వంతే.

డ్రైవరు తల వెనక వంపు తిరిగిన పైపు ఉంటుంది. మేం దాన్ని విల్లు అంటాం. కారు తిరగబడితే మనిషి బరువూ కారు బరువూ మోసేది అదే. దాని మీద తలకు దెబ్బ తగలకుండా దిండు కడతాం. దిండు కింద ఉప్పు చేరుతుందని దాన్ని విప్పాను. విల్లు కింది అతుకు కనిపించింది.

నున్నగా ఉంది.

వేలు పెట్టి తడిమాను. పొలుసులే లేవు. గ్రైండరుతో గీసి, నున్నగా చేసి, పైన రంగు వేశారు. గీసిన అతుకును తనిఖీలో ఒప్పుకోరు. లోపాన్ని దాచాలనుకున్నవాడే గీస్తాడు. పైగా గీస్తే అతుకులో బలం పోతుంది. నేను మొదటిసారి అతుకు గీసినప్పుడు దస్తగిరి మామ నా చేతిలో గ్రైండరు లాక్కుని బయటికి విసిరేశాడు. మనోరమ మేడం మీటరు పైపుల మందం చూసింది. దిండు కింద చూడలేదు.

నాకు కలిగినదేదో అది ఉన్నదున్నట్టు రాస్తాను. మొదట కలిగింది భయం కాదు. సంతోషం. ఛాతీలో చల్లగా, తియ్యగా ఉంది. ఆ బిళ్ళ ఊడిపోవడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఆ తర్వాతే సరయు తల కనిపించింది, ఆ విల్లు కింద.

దిండు కట్టేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా గీసి ఉందా, లేక గీసి ఉండాలని కోరుకుని అలా చూశానా?

నమోదు 65
గాలి లేదు. ఉప్పు ఆరుతోంది.

తెల్లారగానే మామ దగ్గరికి వెళ్ళాను. ఏమీ అడగలేదు. "విల్లు కింద అతుకు" అన్నాను, అంతే.

ఆయన రెండు చేతులూ నా ముందు చాపాడు. చాచిన వేళ్ళు ఎండలో సన్నగా వణుకుతున్నాయి.

"అక్కడికొచ్చేసరికి ఆగలేదుమే. బొబ్బలు బొబ్బలుగా పడింది అతుకు. పిల్ల బయటికి పోయుండాది. గ్రైండరు పట్టేశా. నా చేత్తో అంత అసయ్యంగా ఎన్నడూ పడలా. చూసుకోలేకపోయినా."

"మరి ఒప్పుకోవడం ఎందుకు మామా? నాకు చెయ్యనన్నవాడివి!"

"నీకెట్టా చేస్తా?" ఒక్కసారి గొంతు పెంచాడు. "నువ్వు ఒక్క చూపు చూస్తే తెలిసిపోదా, దస్తగిరి చెయ్యి పోయిందని? ఆ పిల్లకు తెలవదు. దానికి నా అతుకులన్నీ బంగారమే. ఆఖరుసారి ఒక్క చాసీ చేసుకోవాలనిపించింది. నీ ముందర ఎట్టా చెయ్యను?"

ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది దీనికోసమా? ఆయన నా కంటికి భయపడి ఆమె దగ్గరికి పోయాడు. ఆ మాట విని నా కోపం చల్లారాలి. చల్లారలేదు, దారి మాత్రం మారింది.

"చెప్పబాకమే" అన్నాడు. "పందెం కాగానే నేనే విప్పి మళ్ళా చేయిస్తా, నీ చేత్తోనే."

"పందెంలోనే తిరగబడితే?"

ఆయన చేతులు ముడుచుకున్నాడు. నేను మాటివ్వకుండా లేచి వచ్చేశాను.

మధ్యాహ్నం సరయుకు చెప్పాను. గీసి ఉందని మాత్రమే చెప్పాను, ఎందుకో చెప్పలేదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"నీ కారుకు బిళ్ళ రాలేదని నాదానికి వంక పెడతా ఉండావా అక్కా? మామ గీస్తాడా? ఎవరన్నా నమ్ముతారా?"

"దిండు విప్పి చూడు."

"విప్పను. నేనొచ్చినకాణ్ణించీ చూస్తానే ఉండా. నేను ముందుకు పోతే నీ ముఖం ఎట్టా మారతాదో నాకు తెలవదా? అసూయ అక్కా నీకు!"

"అవును, అసూయే" అన్నాను. "కుళ్ళిపోతున్నాను నిన్ను చూసి. అయినా దిండు విప్పి చూడు."

ఆమె నన్ను తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

నమోదు 66
పడమటి గాలి. ఉప్పు బాగుంది.

పొద్దున మనోరమ మేడం దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ టిఫిను చేస్తోంది. ప్లేటు పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మీ కారు ఫెయిలైంది కదండీ" అంది.

"అయింది."

ఇంకేమీ అడగకుండా సంచి తీసుకుని నడిచింది. అప్పటికే కబురు పాకిపోయింది. సరయు షెడ్డు ముందు జనం చేరారు. ఎవరూ నాకు దారి ఇవ్వలేదు. మేడం వెనకే ఇరుక్కుంటూ వెళ్ళాను. సరయు కారుకు అడ్డంగా నిలబడింది. "బిళ్ళ కొట్టింది మీరే గదా మేడం? ఈమె మాట మీద మళ్ళీ విప్పుతారా?"

"విప్పుతాను" అంది మేడం. "బిళ్ళ కొట్టింది నేను కాబట్టే."

సరయు కదల్లేదు. ఎవరో వెనక నుంచి నన్నేదో అన్నారు. ఆ మాట ఇక్కడ రాయను. అప్పుడు జనంలోంచి దస్తగిరి మామ వచ్చాడు. సరయు భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. వంగి తన చేతులతోనే దిండు కట్లు విప్పసాగాడు. వేళ్ళు నిలవక కట్టు చిక్కుపడింది. ఎవరూ సాయం చెయ్యలేదు. ఆయన కూడా అడగలేదు.

"నేనే గీశా మేడం" అన్నాడు దిండు కింద పెట్టి. "పిల్లకు తెలవదు."

మేడం రంగు గోకింది. అతుకు మీద ఎర్రటి ద్రవం పూసి, కాసేపాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచింది. దానిపైన తెల్లపొడి చల్లింది. మేమంతా చూస్తుండగానే ఆ తెలుపులో నుంచి వెంట్రుక మందాన ఎర్రగీత ఒకటి పైకి తేలింది. పైపు చుట్టూ సగం దాకా పాకింది. పగులు.

మేడం రివెట్టు కోసి బిళ్ళ ఊడదీసి సంచిలో వేసుకుంది. ఆ క్షణం కోసం నేనెంత ఎదురుచూశానో! తీరా వచ్చేసరికి సరయు ఆ గీతనే చూస్తూ తన మెడ వెనక చేత్తో తడుముకుంటోంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

నమోదు 67
పడమటి గాలి. కారుకు పెద్ద పని.

సరయు పొద్దున్నే నా షెడ్డుకు వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. భుజం మీద పైపు. తన కారు కింది పైపును కోసి తెచ్చింది. నా కారుకు కావలసిన పైపే. కొలత కూడా దాదాపు అదే.

"నా చాసీ ఇంక పనికిరాదంట. అన్ని అతుకులూ అనుమానమేనంట" అంది. "ఈ పైపు కొత్తది. నువ్వు తీసుకో. కానీ నీ కారు నేనూ నడపతా."

కుదరదు అనాలనిపించింది. నా కారులో నేను తప్ప ఇంకెవరూ కూర్చోలేదు. ఆ సీటు నా వీపుకు పోతపోసినట్టు ఉంటుంది. కానీ పైపు ఆమె భుజం మీద ఉంది.

"మేడం ఒప్పుకోవాలి" అన్నాను.

"అడిగొచ్చా. బిళ్ళ కారుకంట, మనిషికి కాదంట."

అన్నీ కనుక్కునే వచ్చింది. దానిక్కూడా నాకు ఒళ్ళు మండింది.

పాత పైపు కోసి తీశాం. కొత్తది కొలిచి, అంచులు సానబట్టి, సరయు పట్టుకుంటే నేను అతికాను. మామ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి సరయు లేచి వెళ్ళి ఆయనకు టీ ఇచ్చి వచ్చింది. ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చింది. నేను ఆమె చోట ఉంటే ఆ టీ ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్ని కాదు. ఇందులోనూ ఆమే ముందు.

మనోరమ మేడం వచ్చి అంతా మొదటినుంచీ చూసింది. ఈసారి దిండ్లన్నీ విప్పించింది. మీటరు ఆనించింది, ఎర్రరంగు పూసింది, తుడిచింది, పొడి చల్లింది. పొడి తెల్లగానే ఉండిపోయింది. బిళ్ళ కొట్టింది. ఎవరూ ఈలలు వేయలేదు.

నమోదు 68
గాలి లేదు. ఉప్పు రాయిలా ఉంది. పందెం.

మనిషికి రెండు పరుగులు, అందరికన్నా తక్కువ సమయానిదే గెలుపు. మా కారు పరుగుల్లో మొదటిది నాది. పచ్చదీపం వెలిగింది. ఊపిరి బిగపట్టి తొక్కాను. ఉప్పు తెల్లటి గోడలా రెండు పక్కలా లేచింది. వెనక పైపు ఎక్కడా మూలగలేదు. నేను ఇంత బాగా నడిపిన రోజు ఇంకొకటి లేదు. బోర్డు మీద పడిన సమయం నా అన్ని సమయాలకన్నా తక్కువ. టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు గ్లాసులు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. నేను లెక్కపెట్టలేదు అని రాస్తే అబద్ధమవుతుంది.

తర్వాత సరయు ఎక్కింది. నడుముకు బెల్టులు నేనే బిగించాను. "భయంగా ఉందా?" అన్నాను.

ఆమె వెనక్కి చెయ్యి పెట్టి విల్లును ఒకసారి పట్టుకుంది. "నువ్వు అతికిందే గదా" అంది. హెల్మెట్ అద్దం దించుకుంది.

దీపం వెలిగింది. నేను బోర్డు వైపు చూడాలనుకున్నాను. చూడలేకపోయాను. నా కళ్ళు ఆమె తల వెనకే ఉండిపోయాయి. సగం దూరంలో వెనక చక్రం ఒకటి జారింది. కారు అడ్డం తిరగబోయింది. జనం కేక వేశారు. ఆమె ఒక చిన్న కదలికతో సర్దుకుంది. ఆ కదలిక నేను నేర్పింది కాదు. నాకు రాదు కూడా. కారు నిటారుగా గీత దాటింది.

అప్పుడు బోర్డు చూశాను. నా సమయం కన్నా రెప్పపాటు తక్కువ. జారి కూడా తక్కువే.

అదే కారు, అదే పైపు, నా అతుకులు. కిందటేడు చెప్పుకున్న బరువు మాట ఈసారి చెప్పుకోవడానికి లేదు. మామ పేరు ఎత్తడానికీ లేదు. ఆమె నాకన్నా బాగా నడుపుతుంది, అంతే. ఇది రాయడానికి చాలా సమయం పట్టింది.

సరయు కారును నెమ్మదిగా వెనక్కి తెచ్చి నా ముందు ఆపింది. హెల్మెట్ తీసింది. ముఖమంతా చెమట, ఉప్పు. నవ్వలేదు. నా ముఖంలో ఏం కనిపిస్తుందోనని చూస్తోంది. దాచడానికి ప్రయత్నించలేదు. కనిపించే ఉంటుంది.

"కుడి వెనక చక్రం జారతా ఉండాదక్కా" అంది. "గాలి ఎక్కువైందేమో చూడు."

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఎక్కువే ఉంది. కొంచెం తీశాను. చక్రం చుట్టూ పేరుకున్న ఉప్పు చేత్తో దులిపాను. ఇంకా చెరో పరుగు మిగిలి ఉంది.

"దిగు" అన్నాను. "నేనెక్కుతా."